ప్రాకారము లోపలి పట్టణము

ఇంట్లో పిల్లల బడి అట్లాసు ఉంటే ఒక్కసారి తెరవండి. మద్రాసు, అంటే నేటి చెన్నై మీద వేలు పెట్టి, బంగాళాఖాతము దాటి, మలక్కా జలసంధి గుండా తూర్పుకు పోనివ్వండి. దక్షిణ చైనా సముద్రానికి అవతల చెల్లాచెదరుగా వేల దీవులు కనిపిస్తాయి. అదే ఫిలిప్పీన్స్ దేశము. దాని రాజధాని మనీలా. ఈ పేరు మనకు బొత్తిగా కొత్తది కాదు. మనీలా తాడు గురించి మనలో చాలామంది విన్నారు. తమిళ సీమలో వేరుశనగను కొన్ని ప్రాంతాలవారు ఇప్పటికీ మనీలా గింజ అనే అర్థము వచ్చే మాటతోనే పిలుస్తారు. మన పెద్దలు పండించిన ఐ.ఆర్. 8 వరి కూడా 1966లో మనీలాకు దక్షిణాన ఉన్న లాస్ బాన్యోస్ పరిశోధనా కేంద్రము నుండే లోకానికి వచ్చింది.

ఆ మహానగరము నడిబొడ్డున, పాసిగ్ నది సముద్రములో కలిసేచోట, రాతి ప్రాకారము లోపల ఒక చిన్న పట్టణముంది. పేరు ఇంత్రామూరోస్. లాటిన్ భాష నుండి వచ్చిన ఈ మాటకు "గోడల లోపల" అని అర్థము. విస్తీర్ణము సుమారు 160 ఎకరాలు. మన జిల్లాల్లో ఒక మోతుబరి కుటుంబము భూమి కంటే పెద్దదేమీ కాదు. కాని మూడు వందల ఏళ్ళకు పైగా ఒక దేశాన్ని ఏలినవారందరూ అందులోనే ఉన్నారు. ఒక్క నెలలో అది బూడిదయింది. తరువాత దానిని తిరిగి నిలబెట్టాలా వద్దా అని ఆ దేశస్థులు ఎంతో కాలము ఆలోచించవలసి వచ్చింది. ఆ కథ మన కుటుంబాలు కూడా తెలుసుకోదగినది.

దుంగల కోట స్థానములో రాతి కోట

స్పెయినువారు రాకముందు ఆ నది ఒడ్డున మైనీలా అనే ఊరుండేది. దాని పాలకుడు రాజా సులైమాన్. దుంగలతో, మట్టితో కట్టిన కోట ఆయనది. కోట మీద ఫిరంగులు కూడా ఉండేవి. 1570లో స్పెయిను సేనాని మార్తీన్ దె గొయితి అక్కడికి వచ్చాడు. పోరు జరిగింది, ఊరు కాలిపోయింది. మరుసటి సంవత్సరము మిగెల్ లోపెస్ దె లెగాస్పి పెద్ద బలముతో వచ్చి, 1571 జూన్ 24న అదే స్థలములో స్పెయిను పట్టణాన్ని స్థాపించాడు.

మొదట కట్టినవన్నీ కర్ర, వెదురు, తాటాకు ఇళ్ళే. 1574లో లిమాహోంగ్ అనే చైనా సముద్రపు దొంగ వచ్చి పట్టణము మీద పడ్డాడు. 1583లో అంతకంటే పెద్ద ఆపద వచ్చింది. గవర్నరు రోన్‌కిల్యో చనిపోగా, శాన్ అగుస్తీన్ దేవాలయములో ఆయన భౌతికకాయము చుట్టూ కొవ్వొత్తులు వెలిగించారు. ఒక కొవ్వొత్తి మంట అలంకారపు గుడ్డలకు అంటుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ నిప్పు పట్టణమంతా పాకింది. పూరింటి నిప్పు ఎంత వేగముగా పోతుందో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

అప్పటి నుండి రాతితోనే కట్టాలని నిశ్చయించారు. అంతోనియో సెదేన్యో అనే జెస్యూట్ గురువు రాతి కట్టడపు పని స్థానికులకు నేర్పించాడు. పట్టణానికి ఎగువన గ్వాదలూపె గనుల నుండి మెత్తని అగ్నిపర్వతపు రాయి తవ్వి తెచ్చారు. గవర్నరు గోమెస్ పేరెస్ దస్‌మరీన్యాస్ కాలములో, 1590 నుండి, చుట్టుగోడ పని ముమ్మరముగా సాగింది. తరువాతి గవర్నర్లు ఎవరికి తోచినట్టు వారు దానికి బురుజులు, కందకాలు, ద్వారాలు చేర్చుకుంటూ పోయారు. చివరకు గోడ చుట్టుకొలత సుమారు నాలుగున్నర కిలోమీటర్లయింది. నది వైపు మూలన సంత్యాగో కోటను కట్టారు. పట్టణానికి ఎనిమిది ద్వారాలుండేవి. రాత్రి 11 గంటలకు వంతెనలు పైకెత్తి ద్వారాలు మూసేవారు, తెల్లవారుజామున 4 గంటలకు తెరిచేవారు. 1852లో పెద్ద భూకంపము వచ్చాక, ఇక రాత్రింబవళ్ళు తెరిచే ఉంచాలని ఉత్తరువు చేశారు.

గోడ ఎవరు కట్టారు?

గోడను చూసినవారు కట్టించిన గవర్నరు పేరు చదివి వెళ్ళిపోతారు. మోసినవారి పేర్లు రాతి మీద ఉండవు. స్పెయిను పాలనలో "పోలో" అనే వెట్టి ఉండేది. 16 నుండి 60 ఏళ్ళ లోపు మగవాడు ఏటా 40 రోజులు సర్కారు పని చేయాలి. రాళ్ళు మోయడము, అడవిలో మానులు కొట్టడము, ఓడలు కట్టడము, ఏది చెబితే అది. డబ్బున్నవాడు పైకము కట్టి తప్పించుకోవచ్చు, లేనివాడు పొలము విడిచి పోవాల్సిందే. నాట్ల కాలములో ఇంటి మగవాడు నలభై రోజులు లేకపోతే ఆ సంసారము ఏమవుతుందో మన రైతు కుటుంబాలకు తెలుసు. 1884లో గాని ఆ నలభై రోజులు పదిహేనుకు తగ్గలేదు. రాతి పని నేర్పుగా తెలిసిన చైనా మేస్త్రీలు, పనివారు కూడా ఎందరో ఈ కట్టడాల్లో శ్రమించారు.

ఇంత కష్టపడి కట్టినవారికి లోపల చోటుందా అంటే, లేదు. గోడ లోపల స్పెయినువారు, వారి అధికారులు, మఠాలు ఉండేవి. స్థానికులు పగలు పనికి వచ్చేవారు. చైనా వర్తకులకు గోడ బయట పరియాన్ అనే పేట కేటాయించారు. అది కోట ఫిరంగులకు అందే దూరములోనే ఉండాలి. పట్టణానికి రొట్టె, చెప్పులు, బట్టలు, వైద్యము అన్నీ ఆ పేట నుండే రావాలి, అయినా ఆ పేట అంటే లోపలివారికి ఎప్పుడూ భయమే. 1603లో ఆ భయము, అనుమానము ముదిరి తిరుగుబాటయింది. వేల సంఖ్యలో చైనావారిని చంపివేశారు.

లోపల మాత్రము సిరి పెరిగింది. 1565 నుండి 1815 వరకు మనీలాకు, మెక్సికోలోని అకపుల్కో రేవుకు మధ్య గాలియన్ ఓడలు నడిచాయి. చైనా పట్టు ఇటు నుండి, అమెరికా వెండి అటు నుండి. ఆ ఓడల్లో మన తీరపు శ్రమ కూడా ఉంది. కోరమాండల్ తీరములో నేసిన నూలు బట్టలు మద్రాసు నుండి మనీలా చేరి, అక్కడి నుండి మెక్సికోకు వెళ్ళేవి.

దేవాలయాల పట్టణము

చిన్న పట్టణమైనా లోపల ఏడెనిమిది పెద్ద దేవాలయాలు, వాటి వెంట మఠాలు, బడులు ఉండేవి. 1611లో సంతో తోమాస్ విశ్వవిద్యాలయము ఇక్కడే మొదలైంది. 1607లో పూర్తయిన శాన్ అగుస్తీన్ రాతి దేవాలయము 1645, 1863, 1880 భూకంపాలన్నిటికీ తట్టుకుంది. రెండు గంట గోపురాల్లో ఒకటి మాత్రము ఆ కుదుపులకు దెబ్బతిని పోయింది. నేటికీ ఒక్క గోపురముతోనే ఉంది.

అంతటి దేవాలయాల పట్టణములోనూ బాధ లేకపోలేదు. ఆ దేశములో పుట్టిన గురువులు ఎంత చదివినా విచారణ బాధ్యతలు మాత్రము స్పెయిను సన్యాసులకే దక్కేవి. స్థానిక గురువుల హక్కు కోసము వాదించిన పేద్రో పెలాయెస్ 1863 జూన్ 3న భూకంపములో కెతీడ్రలు కూలి దాని కింద చనిపోయాడు. 1872 ఫిబ్రవరి 17న గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు గురువులను తిరుగుబాటు నేరము మోపి, గోడ బయట బగుంబాయన్ మైదానములో చంపారు.

అప్పటికి పదేళ్ళ పిల్లవాడు హోసె రిసాల్. తరువాత గోడ లోపలి జెస్యూట్ బడిలో చదివాడు, కంటి వైద్యుడయ్యాడు, పాలకుల అన్యాయాన్ని నవలలుగా వ్రాశాడు. చదువుకున్న బడికి కూతవేటు దూరములో ఉన్న సంత్యాగో కోటలోనే 1896 నవంబరులో అతనిని ఖైదు చేశారు. డిసెంబరు 30 ఉదయము కోట నుండి నడిపించుకుపోయి బగుంబాయన్‌లో కాల్చి చంపారు. వయస్సు 35 ఏళ్ళు. చివరిగా వ్రాసిన కవితను స్పిరిటు దీపపు పొయ్యిలో దాచి, చూడవచ్చిన చెల్లెలు త్రినిదాద్‌కు అందేలా చేశాడు. అతడు నడిచిన దారిలో ఈ రోజు కంచు పాదముద్రలు పొదిగి ఉంచారు. చూడ వచ్చిన పిల్లలు ఆ పాదాల్లో తమ పాదాలు పెట్టి నడుస్తుంటారు.

1898లో పాలన అమెరికావారి చేతికి మారింది. ఆ ఆగస్టు 13న స్పెయినువారి లొంగుబాటు షరతులు వ్రాసినది శాన్ అగుస్తీన్ దేవాలయపు గదిలోనే. స్పెయిను కాలములో ప్రొటెస్టంటు బోధకు అక్కడ అనుమతి లేదు. ఈ మార్పు తరువాతే, 1899 నుండి, ప్రొటెస్టంటు మిషనెరీలు ఆ దేశములో పని మొదలుపెట్టారు.

మద్రాసు నుండి వెళ్ళినవారు

ఈ గోడతో మన ప్రాంతానికి మరో సంబంధముంది. 1762 జనవరిలో బ్రిటను స్పెయిను మీద యుద్ధము ప్రకటించింది. ఆ కబురు మనీలా చేరకముందే మద్రాసు నుండి ఓడలు బయలుదేరాయి. సేనకు నాయకుడు విలియం డ్రేపర్, ఓడలకు నాయకుడు శామ్యూల్ కార్నిష్. ఆంగ్ల సైనికులతో పాటు మద్రాసు సిపాయిలు వందల మంది వాటిలో ఉన్నారు. మద్రాసు సైన్యమంటే తెలుగువారు, తమిళులు చేరినదే. సెప్టెంబరు 23న ఓడలు మనీలా అఖాతములో కనిపించే వరకు లోపలివారికి యుద్ధమున్నదనే తెలియదు. అప్పుడు గవర్నరు పని చూస్తున్నవాడు ఆర్చిబిషప్పు మాన్వెల్ రోహో. ఫిరంగులు నైరుతి మూలన శాన్ దియేగో బురుజు దగ్గర గోడను పడగొట్టాయి. అక్టోబరు 6న పట్టణము చేజిక్కింది, దోపిడి జరిగింది.

1763లో పారిసులో సంధి జరిగింది. 1764లో బ్రిటిషువారు పట్టణము అప్పగించి వెనక్కు వచ్చారు. కొందరు సిపాయిలు మాత్రము రాలేదు. మనీలాకు తూర్పున కయింతా అనే ఊళ్ళో స్థానిక స్త్రీలను పెళ్ళాడి స్థిరపడ్డారు. వారి సంతతివారు నేటికీ ఆ చుట్టుపక్కల ఉన్నారు. అన్నము కోసము సిపాయి కొలువులో చేరి, ఎవరి యుద్ధములోనో పోరాడి, పరాయి నేలలో పొలము దున్నుకున్న ఆ మనుషులను కన్నవారు ఎంత కాలము ఎదురు చూశారో!

ఒక్క నెలలో

అమెరికావారు వచ్చాక నది వైపు గోడలో కొంత భాగాన్ని రేవు కోసము పడగొట్టారు. గోడంతా తీసివేద్దామన్న మాట కూడా వచ్చింది. 1905లో నగర ప్రణాళిక వేసిన డేనియల్ బర్నామ్ దానికి ఒప్పుకోలేదు. గోడను ఉంచి, మురికి నీరు నిలిచిన కందకాలను పూడ్చి తోటలు వేయమన్నాడు. కందకాలు పూడ్చారు, తరువాత అవి గోల్ఫ్ మైదానమయ్యాయి. గోడ నిలిచింది.

1942 జనవరి 2న జపాను సేన మనీలాలో ప్రవేశించింది. సంత్యాగో కోట మళ్ళీ చెరసాలయింది. 1945 ఫిబ్రవరి 3న అమెరికా సేన నగరములోకి తిరిగి వచ్చింది. రియర్ అడ్మిరల్ ఇవబూచి కింద ఉన్న జపాను బలము నగరము విడువక పోరాడింది. ఆ నెలలో జపాను సైనికులు ఊచకోతకు దిగారు. గోడ లోపలి మగవారిని వేరు చేసి సంత్యాగో కోటకు తీసుకుపోయి చంపారు. స్త్రీలను, పిల్లలను, గురువులను శాన్ అగుస్తీన్ వంటి దేవాలయాల్లో నిర్బంధించారు. విమానాల నుండి బాంబులు వేయడానికి సేనాని మెకార్థర్ అనుమతించలేదు. కాని ఫిరంగులు రోజుల తరబడి గోడలను, వీధులను కొట్టాయి. ఫిబ్రవరి 23 ఉదయము గుండ్ల వర్షము కురిపించి, గోడ పగుళ్ళ గుండా సైనికులు లోపలికి ప్రవేశించారు. మార్చి 3న పోరు ముగిసేసరికి మనీలా నగరములో దాదాపు లక్ష మంది పౌరులు చనిపోయారు. కొందరు కత్తికి, కొందరు నిప్పుకు, కొందరు తమను విడిపించ వచ్చినవారి గుండ్లకే బలయ్యారు.

ప్రాకారము లోపల పైకప్పుతో నిలిచిన దేవాలయము ఒక్కటే, శాన్ అగుస్తీన్. కెతీడ్రలు కూలింది. చెక్క నగిషీలకు పేరుపడిన శాన్ ఇగ్నాసియో కాలిపోయింది. సంతో దొమింగో, శాన్ ఫ్రాన్సిస్కో ఇక లేవు. సంత్యాగో కోట చెరలో సుమారు 600 మంది శవాలు దొరికాయి. వారిని అక్కడే పాతిపెట్టి తెల్లని సిలువ నిలిపారు.

నిలపాలా, వదిలేయాలా?

యుద్ధము తరువాత శిథిలాలను యంత్రాలతో ఊడ్చి చదును చేశారు. మఠాల వారు కొందరు బయటికి తరలిపోయారు. సంతో దొమింగో దేవాలయము కేసోన్ నగరములో కొత్తగా లేచింది. శాన్ ఫ్రాన్సిస్కో ఉన్నచోట మపూవా కళాశాల వచ్చింది. ఖాళీ స్థలాల్లో గోదాములు, లారీల షెడ్లు, నిలువ నీడలేని పేదల గుడిసెలు వెలిశాయి. కొత్తగా స్వాతంత్ర్యము వచ్చిన దేశము, 1946 జూలై 4న వచ్చిన స్వాతంత్ర్యము. తిండికి, బడులకు, ఆసుపత్రులకే డబ్బు చాలదు. పైగా ఇది పరాయి పాలకుల కోట. తాతలు వెట్టి చేసి కట్టిన గోడ, దేశభక్తులను చంపిన చెరసాల. దీనిని బాగు చేయడమెందుకని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేము.

అయినా వారు నిలబెట్టడానికే నిశ్చయించుకున్నారు. ఎనిమిదవ కెతీడ్రలును ఫెర్నాందో ఒకాంపో అనే ఫిలిప్పీనీ శిల్పి నమూనా గీయగా 1954 నుండి 1958 వరకు కట్టారు. 1960 దశకములో గోడల మరమ్మతు మొదలైంది. 1979 ఏప్రిల్ 10న అధ్యక్షుని శాసనము ద్వారా ఇంత్రామూరోస్ పాలనా సంస్థ ఏర్పడింది. గోడ లోపల కొత్తగా ఏది కట్టినా పాత స్పెయిను కాలపు తీరులోనే కట్టాలని నియమము పెట్టారు. బ్రిటిషు ఫిరంగులకు పగిలిన శాన్ దియేగో బురుజును 1979 నుండి తవ్వగా, సెదేన్యో గురువు కట్టిన గుండ్రని రాతి కోట పునాదులు బయటపడ్డాయి. 1992కు ఆ పని ముగిసింది. 1993లో శాన్ అగుస్తీన్‌ను ఆ దేశములోని మరి మూడు పాత దేవాలయాలతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాలిపోయిన శాన్ ఇగ్నాసియో గోడలను తిరిగి లేపి, 2019లో అక్కడ మ్యూజియము తెరిచారు.

ఈ పని ఒకసారి చేసి చేతులు దులుపుకునేది కాదు. ఆ మెత్తని రాయి నీటిని పీలుస్తుంది. మన పాత గోడల్లో లాగానే పగుళ్ళలో మర్రి జాతి మొక్కలు మొలుస్తాయి. పైన కోసివేస్తే వేరు లోపల బలుస్తుంది, కనుక వేరుతో సహా తీయాలి. సిమెంటు పూస్తే చూపుకు గట్టిగా ఉంటుంది, కాని లోపలి తేమ బయటికి పోలేక రాయే పొరలు పొరలుగా రాలిపోతుంది. అందుకే పాత రాతికి సున్నము మేలు. తొందరపడి చేసిన మరమ్మతు కంటే మరమ్మతు చేయకపోవడమే నయమని ఇటువంటి కట్టడాల దగ్గర పనిచేసినవారు అంటారు.

అభిప్రాయ భేదాలూ లేకపోలేదు. కాసా మనీలా అనే అందమైన ఇంటిని చూసి సందర్శకులు మురిసిపోతారు. నిజానికి అది 1980లలో, మరో పేటలోని పాత ఇంటిని చూసి కట్టిన నమూనా. ఇలాంటివి చరిత్రా, అలంకారమా అని ప్రశ్నించేవారున్నారు. అంతకంటే బరువైన ప్రశ్న మరొకటి. గోడ లోపలి సందుల్లో ఈనాటికీ పేద కుటుంబాలు ఇరుకు ఇళ్ళలో బ్రతుకుతున్నాయి. వారిలో రిక్షా తొక్కేవారున్నారు, చిల్లర దుకాణము పెట్టుకున్నవారున్నారు. రాయిని కాపాడేవారు ఈ మనుషులను ఏమి చేయాలి? దూరము తరలిస్తే పని పోతుంది, ఉంచితే కట్టడాలకు ముప్పు. ఈ చిక్కు ఇంకా పూర్తిగా తీరలేదు. పూర్వము గోడ కట్టినవారికే లోపల చోటు దొరకలేదన్న సంగతి గుర్తున్నవారు ఈ విషయములో తొందరపడరు.

పేరు లేనివారి కోసము

ఆ పట్టణములో చిన్న తోట వంటి ఒక స్థలముంది. 1995 ఫిబ్రవరిలో, యుద్ధము జరిగి 50 ఏళ్ళయిన సందర్భములో, అక్కడ ఒక జ్ఞాపక శిల్పము నిలిపారు. చనిపోయిన పసిబిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి, ఆమె చుట్టూ నేలకు ఒరిగినవారు. సమాధి కూడా దొరకని పౌరుల కోసము పెట్టినదది. గవర్నర్లకు, సేనానులకు విగ్రహాలు ఎక్కడైనా ఉంటాయి. ఆ తల్లికి పేరు లేదు. బ్రతికి బయటపడినవారు, వారి పిల్లలు ఏటా ఫిబ్రవరిలో అక్కడికి వచ్చి పూలు ఉంచుతారు.

పగను పెంచుకోవడానికి ఆ గోడను నిలపలేదు. స్పెయిను ఘనతను చాటడానికీ కాదు. వెట్టి చేసినవారు, పరియానులో చచ్చినవారు, ముగ్గురు గురువులు, కంటి వైద్యుడు, మద్రాసు సిపాయిలు, ఆ తల్లీబిడ్డలు, వీరందరి సంగతి అడిగే మనవలకు చేయి పట్టి చూపించడానికి ఒక చోటు ఉండాలి గదా. గోడను పడగొట్టి ఉంటే ఆ కష్టము జరగలేదని కాదు, చూపే చోటు ఉండేది కాదు.

అట్లాసు మూసేముందు మరొక్కసారి మద్రాసు నుండి మనీలాకు వేలు పోనిచ్చి, కయింతాలో ఆగిపోయిన ఆ సిపాయిల మాట పిల్లలకు చెప్పండి. ఆ మాట విన్న పిల్లవాడు మన తాతలు ఎక్కడి నుండి వచ్చారని తప్పక అడుగుతాడు. అప్పుడు ఇంట్లో నాయనమ్మో, తాతయ్యో ఉంటే వారినే చెప్పమనండి. వారు ఉండగానే అడగడము మంచిది.